హారియెట్‌కు ఏడెకరాలు, మనకు సెంటున్నర

రొయ్యల చెరువు గట్టు మీద మకాంలో పెరిగే పిల్లని బళ్లో ‘మీ ఇల్లెక్కడ’ అని అడిగితే ఏం చెప్తుంది? నేనైతే చెరువు గలాయన పేరు చెప్పేవాణ్ణి. ఫలానా వారి చెరువు కాడ అని. అదే మా అడ్రస్ అనుకునేవాణ్ణి. మేం యానాదులం. మాది రాజోలు వైపు. నాన్న అడ్వాన్సు తీసుకుని కాపలా ఉండేవాడు, అమ్మ మేత వేసేది, మేం పిల్లలం కొంగల్ని తోలేవాళ్లం. ఒక ఏడాది వైట్‌స్పాట్ వచ్చి చెరువు పోయింది. కాపలా సరిగా లేదని ఆ నష్టంలో కొంత మా బాకీలో రాశారు. పోతామంటే బాకీ కట్టి పొమ్మన్నారు. కట్టలేమంటే, అయితే ఉండండి అన్నారు. కేకలు లేవు, కొట్టడం లేదు. ఆయన మాకు పండక్కి బట్టలు కూడా పెట్టేవాడు. మరి మేమెందుకు కదల్లేకపోయాం? బాకీ ఒక్కటే కారణమైతే రాత్రికి రాత్రి పోయేవాళ్లమే. గట్టు దిగితే కాలు పెట్టడానికి మాకంటూ జానెడు నేల లేదు, అదీ అసలు సంగతి.

ఈ మాట ఇప్పుడెందుకంటే, ఆగస్టు 9కి ఫ్లెక్సీ వేయించడం గురించి మనవాళ్లం కూర్చున్నప్పుడు ఒక చెల్లెలు హారియెట్ టబ్‌మన్ బొమ్మ కూడా పెడదామంది. బిర్సా ముండా, కొమురం భీమ్, గాం గంటం దొర పక్కన. ఒక తమ్ముడు మొహమాటం లేకుండా అడిగాడు, ‘అమెరికా ఆవిడ మనకేమవుతుంది?’ అని. మంచి ప్రశ్న. ఆ రోజు నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తాను తమ్ముడూ.

ఆమె పుట్టింది 1822 ప్రాంతంలో, మేరీలాండ్ రాష్ట్రంలో డార్చెస్టర్ కౌంటీ అనే చిత్తడి దేశంలో. ఉప్పునీళ్లూ మంచినీళ్లూ కలిసే కాలవలు, రెల్లు, బురద. మన మొగల దగ్గర, మడ అడవుల దగ్గర ఎలా ఉంటుందో ఊహించుకో. ఆరేడేళ్ల వయసులో ఆమెను వేరే ఇంటికి కిరాయికి ఇచ్చారు. ఒళ్లంతా తట్టు పోసి జ్వరంతో ఉన్నా, నడుముల్లోతు చన్నీళ్లలోకి దిగి నీటి ఎలుకల బోనులు చూసి రావాలి. ‘ఎలకలు పట్టేవాళ్లు’ అని మనల్ని బళ్లో ఏడిపించారు గదా! హారియెట్ టబ్‌మన్ కూడా ఎలకలు పట్టిన పిల్లే. నాన్న బెన్ రాస్ అడవిలో కలప కొట్టించే మనిషి. చెట్టు, చుక్క, నీటి వాలు, పిట్ట కూత ఆయన దగ్గరే నేర్చుకుంది. తర్వాత రాత్రిళ్లు మనుషుల్ని దాటించేటప్పుడు గుడ్లగూబలా కూసి ‘దారి క్లియర్’ అని సైగ చేసేదట. బడి చదువు లేదు, సంతకం రాదు. అడవి చదువు ఉంది. మన తాతలకు ఉన్న చదువే.

1849లో ఆమె పారిపోయింది. ఆమెను, ఇద్దరు అన్నదమ్ముల్ని పట్టిస్తే బహుమానం ఇస్తామని యజమానురాలు పత్రికలో ప్రకటన వేయించింది. స్వేచ్ఛ ఉన్న ఉత్తరాదికి చేరాక చాలామందిలాగే అక్కడే ఉండిపోవచ్చు. వెనక్కి వచ్చింది. పదేళ్లలో సుమారు 13 సార్లు వచ్చి దాదాపు 70 మందిని తీసుకుపోయింది. పారిపోయినవాళ్లను ఎక్కడున్నా పట్టి అప్పగించాలని 1850లో చట్టం వచ్చాక ఉత్తర రాష్ట్రాలు కూడా భద్రం కాదని కెనడా దాకా నడిపించింది. మన పోస్టుల్లో ‘300 మందిని విడిపించింది, ఆమె తల మీద 40 వేల డాలర్లు’ అని తిరుగుతోంది. అది తొలి రోజుల్లో ఆమె కథ రాసినవాళ్లు పెంచిన లెక్క. తర్వాత పరిశోధకులు ఒక్కొక్క పేరూ వెతికి 70 దగ్గర ఆగారు. డెబ్బై మంది తక్కువా? ప్రాణం అరచేతిలో పెట్టుకుని ఒక్కరిని దాటించిన మనిషికి కూడా నేను దణ్ణం పెడతాను. మన వీరుల విషయంలో కూడా ఈ అంకెలు పెంచే అలవాటు మానుకుందాం. ఒక్క అంకె తప్పని తేలితే అవతలివాడు మొత్తం కథే అబద్ధం అంటాడు.

అయితే ఫ్లెక్సీల మీద ఇంతవరకే వేస్తారు. చేతిలో తుపాకీ, వెనక అడవి, పైన ధ్రువ నక్షత్రం. నాకు అంతకంటే ముఖ్యం అనిపించేది 1859లో ఆమె చేసిన పని. ఇల్లు కొంది.

న్యూయార్క్ రాష్ట్రంలో ఆబర్న్ అనే పట్నం శివార్లో ఏడెకరాల పొలం, దాంట్లో ఇల్లు. అమ్మినాయన విలియం సీవార్డ్, అప్పటి సెనేటర్. ధర 1,200 డాలర్లు. చేతిలో అంత డబ్బు లేదు, వాయిదాల మీద ఇచ్చాడు. అంతకు రెండేళ్ల ముందే, 1857లో, నల్లవాళ్లు అసలు ఈ దేశ పౌరులే కారని అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. చట్టం దృష్టిలో హారియెట్ అప్పటికింకా పారిపోయిన ‘ఆస్తి’. అంటే ఒక ఆస్తి వెళ్లి ఇంకో ఆస్తిని తన పేర రాయించుకుందన్నమాట! ఆ లావాదేవీలో అమ్మినాయన కూడా చిక్కుల్లో పడేవాడే. అలాంటి ఒప్పందాన్ని చీకట్లో దాచి చేసుకోలేదు. పొలం తీసుకుని, కెనడా చలికి వణుకుతున్న ముసలి అమ్మానాన్నల్ని అక్కడికి తెచ్చుకుంది. ఆ తల్లిదండ్రుల్ని రెండేళ్ల కిందటే బానిస నేల నుంచి తనే దాటించింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఆమెకు కూడా బాకీ ఉంది. ఏళ్ల తరబడి నడిచింది ఆ బాకీ. మా నాన్నకూ బాకీ ఉంది. ఆమె బాకీ తీరుస్తున్నకొద్దీ నేల ఆమెదవుతూ వచ్చింది. మా నాన్న బాకీ తీరుస్తున్నకొద్దీ గట్టు మీద ఇంకో ఏడాది. ‘అప్పు చేస్తే తీర్చాలి కదా’ అని మనకు నీతులు చెప్పే పెద్దమనుషులు ఈ రెండు అప్పుల తేడా చెప్పాలి.

యుద్ధం వచ్చింది. 1863 జూన్‌లో దక్షిణ కరోలినాలో కంబాహీ నది మీద సైన్యం పడవలకు దారి చూపి ఒక్క రాత్రిలో 700 మందికి పైగా విడిపించిన దాడిలో ఆమెది ముందు చేయి. గూఢచారి, నర్సు, వంటమనిషి. జీతం మాత్రం సరిగ్గా ఇవ్వలేదు. పింఛను కోసం ముప్పై ఏళ్లు తిరిగింది. చివరికి 1895లో నెలకు 8 డాలర్లు ఇచ్చారు, అదీ భర్త సైనికుడు కాబట్టి వితంతు పింఛను. 1899లో దాన్ని 20 చేశారు. పింఛను ఆఫీసు చుట్టూ తిరగడం ఎలా ఉంటుందో మన అమ్మమ్మల్ని అడగండి, హారియెట్ అప్పుడు బాగా దగ్గరౌతుంది.

ఆ ఇల్లు ఎప్పుడూ ఖాళీగా లేదు. దిక్కులేని పిల్లలు, ముసలివాళ్లు, పని వెతుక్కుంటూ వచ్చినవాళ్లు. 1880లలో కలప ఇల్లు కాలిపోతే అదే చోట ఇటుకలతో కట్టుకున్నారు. ఇప్పుడు నిలిచి ఉన్నది ఆ ఇటుకల ఇల్లే. భర్త నెల్సన్ డేవిస్‌ది ఇటుకల పని. ఆ పొలంలోనే ఇటుకలు చేసి కాల్చేవాళ్లని తవ్వకాల్లో బయటపడింది. ఈ ముక్క చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. మన దగ్గర ఇటుక బట్టీ అంటే అడ్వాన్సు, మొగుడూ పెళ్లాం పిల్లలు కలిసి వెయ్యి ఇటుకల లెక్క, సీజనంతా అక్కడే పడి ఉండటం. ఊరందరికీ ఇటుకలు కోసేవాళ్లు టార్పాలిన్ కింద పడుకుంటారు. అక్కడ ఒక మాజీ బానిస, తన మట్టితో తను ఇటుక కాల్చి, తన ఇల్లు తను కట్టుకుంది.

1896లో పక్కనే ఉన్న 25 ఎకరాలు వేలానికి వచ్చాయి. పాట పాడేవాళ్లందరూ తెల్లవాళ్లు. వాళ్ల మధ్య ఈ ముసలావిడ నిలబడి పాట పెంచుకుంటూ పోయి 1,450 డాలర్లకు కొట్టేసింది. డబ్బు? బ్యాంకులో తాకట్టు పెట్టి తెచ్చింది. ముసలివాళ్లకు, పేదవాళ్లకు ఆశ్రమం పెట్టాలని కోరిక. తన వల్ల కాక 1903లో ఆ భూమిని నల్లవాళ్ల సొంత చర్చి ఏఎంఈ జయన్ చేతిలో పెట్టింది. 1908లో ఆశ్రమం తెరిచారు. చర్చి వాళ్లు చేరడానికి 100 డాలర్ల ఫీజు పెడితే ఆమె మండిపడింది. డబ్బున్నవాళ్లకు ఇది కాదు, ఏమీ లేనివాళ్లకే అని ఆమె పట్టు. సొంత మనుషులతో, సొంత సంస్థతో పేచీ పెట్టుకుంది. మన సంఘాల్లో సభ్యత్వ రుసుము దగ్గర గొడవలు పడేటప్పుడు ఇది గుర్తు తెచ్చుకుంటే మంచిది. 1911లో తనూ అదే ఆశ్రమంలో చేరి, 1913 మార్చి 10న అక్కడే కన్నుమూసింది.

ఆ తర్వాత ఏం జరిగిందో వినండి. ప్రభుత్వం వచ్చి మ్యూజియం కట్టలేదు. ఇళ్లు పాడుబడ్డాయి. ఆశ్రమం కూలగొట్టే స్థితికి వచ్చింది. ఆ చర్చి మనుషులు చందాలు వేసుకుని బాగు చేయించి 1953లో మళ్లీ తెరిచారు. జాతీయ చారిత్రక స్థలం అని 1974లో గుర్తించారు. జాతీయ పార్కు అయింది 2017 జనవరిలో. ఆమె చనిపోయిన నూట నాలుగేళ్లకు! మధ్యలో అన్నేళ్లూ ఆ నేలను కాసింది ఆమె మనుషులే. ఇచ్చిన గుర్తింపు కూడా ఎంత పల్చనిదో 2025లో చూశాం. అక్కడి జాతీయ పార్కుల శాఖ తన వెబ్‌సైటులో పారిపోయిన బానిసల చరిత్ర పేజీ నుంచి ఆమె ఫోటో తీసేసింది, గొడవయ్యాక తిరిగి పెట్టింది. వెబ్‌సైటులో బొమ్మ తీసేయడానికి ఒక గుమస్తా చాలు. ఆమె పేర రిజిస్టరైన నేల అలా చెరపడానికి కుదరదు.

ఇప్పుడు మన కోనసీమకు రండి. ఊరూరా కాటన్ దొర విగ్రహం. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాడు, డెల్టా పచ్చబడింది, నిజమే. ఆ ఆనకట్టకు రాళ్లు మోసినవాళ్లకు, కాలవలు తవ్వినవాళ్లకు ఒక్క గోడ లేదు. పచ్చబడిన పొలాల్లో తరతరాలు పాలేర్లుగా ఉన్న మాల మాదిగ కుటుంబాలకు, ఆ పొలాల్లో ఎలకలు పట్టి ధాన్యం కాపాడిన మా యానాదులకు, పందుల్ని మేపుకుంటూ బుట్టలు అల్లుకుంటూ ఊరి చివర బతికిన ఎరుకల వాళ్లకు ఒక్క ఇల్లూ గుర్తు లేదు. ఎరుకల అన్నలకైతే బానిసల మాదిరే పాసులు ఉండేవి. క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద హాజరు వేయించుకోవాలి, చీటీ లేకుండా ఊరు దాటకూడదు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అలా పుట్టిన సెటిల్‌మెంటే. ఆ చట్టం పీడ దేశమంతటా విరగడైంది 1952 ఆగస్టు 31న.

2022లో కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెడతామంటే మే 24న అమలాపురంలో దళిత మంత్రి ఇల్లు, ఒక ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. విముక్తి అనే మాట బోర్డు మీద కనిపిస్తే కొందరికి ఎంత కాలుతుందో అప్పుడు తెలిసింది. ఆ పేరు నిలిచింది, దాని వెంట మనం నిలబడ్డాం, ఇకముందూ నిలబడతాం. కానీ ఆ పేరున్న జిల్లాలో గట్టు మీద మకాంలు ఎన్ని, అందులో పట్టా ఉన్నవి ఎన్ని అని అడిగే పని కూడా మనదే. అదే ఏడాది మన్యానికి అల్లూరి పేరు మీద జిల్లా వచ్చింది, భీమవరంలో 30 అడుగుల కంచు విగ్రహం లేచింది. నాకు సీతారామరాజు మీద కోపమేం లేదు. చింతపల్లి రోడ్డుకు కూలి సరిగా ఇవ్వకుండా బాస్టియన్ అనే తాసీల్దారు చేయించిన చాకిరీ మీద తిరగబడింది కోయ, కొండదొర, బగత జనం. అదే జనంలోంచి వచ్చిన గాం మల్లు దొర జైలు జీవితం దాటి వచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. మనలో ఎంతమందికి తెలుసు?

కొందరు మనవాళ్లే అంటారు, ‘ఇళ్ల స్థలం అడగడం పథకాల భాష, ఉద్యమం అంటే చరిత్ర, అస్తిత్వం’ అని. నేను ఒప్పుకోను. గట్టు దిగితే నిలబడే చోటు లేనివాడికి అస్తిత్వం గురించి ప్రసంగం చెప్పి, సభ అయ్యాక ఆటో ఎక్కించి మళ్లీ అదే గట్టు మీద దింపుతున్నాం. ఏ విడుదలైనా నిలబడేది నేల ఉన్నప్పుడే. మన్యంలో గొత్తి అని అప్పు కింద మనిషిని కట్టేసుకునే పద్ధతి ఉండేది. దాన్ని రద్దు చేస్తూ మద్రాసు ప్రభుత్వం 1940లోనే రెగ్యులేషన్ తెచ్చింది. మరి దాని తర్వాత 1976లో మళ్లీ దేశమంతటికీ వెట్టిచాకిరీ రద్దు చట్టం ఎందుకు తేవాల్సి వచ్చింది? కాగితం మీద విడిపించి చేతిలో ఏమీ పెట్టకపోతే మనిషి ఏడాది తిరక్కుండా పాత గుమ్మం ముందే నిలబడతాడు కాబట్టి.

ఆ 1976 చట్టం చదవండి, చిన్నదే. ఆరో సెక్షన్ ప్రకారం అలాంటి బాకీ తీర్చనక్కర్లేదు, అది రద్దయినట్టే. ఎనిమిదో సెక్షన్ నాకు అన్నిటికంటే ఇష్టం. చాకిరీకి బదులుగా ఇచ్చిన ఇంట్లో ఉంటున్న మనిషిని, విడుదలయ్యాక ఆ ఇంట్లోంచి వెళ్లగొట్టకూడదు. వెళ్లగొడితే సబ్ డివిజన్ మెజిస్ట్రేటు తిరిగి ఇప్పించాలి. అంటే చట్టం రాసినవాళ్లకు తెలుసు, బాకీ కన్నా గట్టి తాడు ఇల్లేనని. వెట్టి కాదని నిరూపించే భారం పదిహేనో సెక్షన్ కింద బాకీ ఇచ్చినవాడిదే, మనది కాదు. కనీస వేతనం కంటే తక్కువకు చేయించుకోవడం కూడా బలవంతపు చాకిరీయేనని సుప్రీంకోర్టు 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో చెప్పింది. ‘మేం కొట్టలేదు కదా, పండక్కి బట్టలు పెట్టాం కదా’ అనే మాట చెల్లదు.

ఇక స్థలం లెక్క. 2020 డిసెంబరులో పేదలందరికీ ఇళ్లు అన్నప్పుడు పల్లెల్లో ఇచ్చింది సెంటున్నర. డెబ్బై రెండు గజాలు. తర్వాత వచ్చినవాళ్లు మూడు సెంట్లు ఇస్తామన్నారు. హారియెట్ కొన్న ఏడెకరాలంటే 700 సెంట్లు, మన ప్రభుత్వం లెక్కలో 466 కుటుంబాలను సర్దేసే జాగా. కోనసీమలో నేల రేటు వేరే, ఆబర్న్ శివారుతో పోలిక కుదరదని నాకూ తెలుసు. ఆమె అంతా దానంగా పొందలేదు, కొనుక్కుంది, అదీ తెలుసు. కానీ ఏడెకరాల్లో ఆమె కూరగాయలు పండించింది, పందుల్ని పెంచింది, ఇటుకలు కాల్చింది, పదిమందిని పెట్టుకుంది. సెంటున్నరలో మంచం వేస్తే పొయ్యి బయట. ఆ పొయ్యికి మళ్లీ చెరువు గలాయన దగ్గర అడ్వాన్సే దిక్కు. అడిగేటప్పుడు ఇంటితో పాటు పెరడు అడగాలి, వల ఆరేసుకునే జాగా అడగాలి, పంది కొట్టం వేసుకునే జాగా అడగాలి. ఊరికి మూడు మైళ్ల దూరంలో, గోదారి పొంగితే మొదట మునిగే పల్లంలో ఇస్తే వద్దనాలి. 2022 జూలై వరదలో లంకలు ఎలా మునిగాయో మనం మర్చిపోలేదు. ఏటిగట్టు మీద ఉన్నవాళ్లకు మర్చిపోయే వీలే లేదు.

ఇంకొకటి. 2021లో మేరీలాండ్ చిత్తడిలో తవ్వకాలు చేసినవాళ్లు హారియెట్ నాన్న బెన్ రాస్ గుడిసె ఉన్న చోటు కనిపెట్టారు. 1808 నాటి ఒక నాణెం, పెంకు ముక్కలు దొరికాయి. ఆయనకు యజమాని వీలునామాలో పదెకరాలు రాసి ఉండటంతో కాగితాలు పట్టుకుని వెతకగలిగారు. మేం పెరిగిన మకాం ఎవరూ కనిపెట్టలేరు. ఆ గట్టును తర్వాత పొక్లెయిన్‌తో తీసేసి రెండు చెరువులు ఒకటి చేశారు. ఏ కాగితంలోనూ మా నాన్న పేరు లేదు. ఉన్నది ఒక్క బాకీ పుస్తకంలో, అది ఆయన దగ్గరే ఉంది.

అందుకే తమ్ముడూ, ఫ్లెక్సీ మీద హారియెట్‌ను పెడదాం. తుపాకీ బొమ్మ వద్దు. ఆ ఇటుకల ఇల్లు వేయిద్దాం, కింద 1859, ఏడెకరాలు అని రాయిద్దాం. వెట్టి చట్టం పదమూడో సెక్షన్ ప్రకారం ప్రతి జిల్లాలో, ప్రతి సబ్ డివిజన్‌లో విజిలెన్స్ కమిటీ ఉండాలి. అందులో ముగ్గురు ఆ ప్రాంతపు ఎస్సీ ఎస్టీలు ఉండాలి. ఆ ముగ్గురి పేర్లేమిటో అమలాపురం కలెక్టరేటులో సోమవారం అర్జీల్లో రాసి అడుగుదాం, కొత్తపేట, అమలాపురం ఆర్డీవోలనూ అడుగుదాం. పేర్లు లేకపోతే మన పేర్లు ఇద్దాం. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు చెరువు గట్ల మీద ఉన్న మకాంలు ఒక్కొక్కటీ తిరిగి, కుటుంబం, ఎన్నేళ్లుగా ఉన్నారు, అడ్వాన్సు ఎంత, ఆధార్‌లో అడ్రస్ ఎవరి పేరున ఉంది అనేది నోటు పుస్తకంలో రాద్దాం. నా దగ్గర పాత బండి ఉంది, ఇద్దరం వెళ్లొచ్చు. పెన్ను నువ్వు తెచ్చుకో.